దీపం వెలిగిందని ఎవరు చెప్పాలి?



గోడ మీది మామూలు స్విచ్చి రెండు పనులు చేస్తుంది. మొదటిది అందరికీ తెలిసిందే: నొక్కితే లైటు వెలుగుతుంది, ఎత్తితే ఆరిపోతుంది. రెండో పనిని మనం పెద్దగా పట్టించుకోం. లైటు కంటికి కనబడని చోట ఉన్నా, దాని సంగతి స్విచ్చిని చూస్తే తెలిసిపోతుంది. వంటింట్లో నిలబడి పెరట్లో మోటారు ఆపారో లేదో చెప్పగలుగుతున్నామంటే స్విచ్చి కిందికి ఉందా, పైకి ఉందా అని చూసే కదా. మన దగ్గర కిందికి నొక్కి ఉంటే వేసినట్టు. అమెరికాలో తలకిందులు, పైకి ఉంటే వేసినట్టు. ఏ పద్ధతైనా, ఒకే ప్లాస్టిక్ ముక్క పనీ చేయిస్తోంది, ఆ పని ఏ స్థితిలో ఉందో కబురూ చెబుతోంది.

మెట్ల దగ్గరికి వచ్చేసరికి ఈ రెండో గుణం పోతుంది. కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, మధ్యలో ఒక్కటే బల్బు. టూ-వే స్విచ్చి అంటాం. అందులో ఏ స్విచ్చి కిందికి ఉందో చూసి లైటు వెలుగుతోందో లేదో చెప్పలేం. రెండోది ఎలా ఉందో కూడా తెలియాలి, లేదా తలెత్తి బల్బునే చూడాలి. ఒకే లైటుకి రెండు చోట్ల నుంచి పెత్తనం వచ్చిందంటే, ఏ ఒక్క చోటా పూర్తి సమాచారం ఉండదు.

హోమ్ ఆటోమేషన్ వచ్చాక ఇంట్లో ప్రతి లైటుకీ ఇదే పరిస్థితి. గోడ మీది స్విచ్చి, మంచం పక్కన రిమోటు, సాయంత్రం 6 గంటలకి దానంతటదే లైట్లు వేసే టైమరు, చేతిలో ఫోను. ఎవరైనా వేయొచ్చు, ఎవరైనా ఆపొచ్చు. అందుకే ఇలాంటి స్విచ్చిల్లో చాలా వాటికి పైకీ కిందికీ అనే స్థితే ఉండదు. నొక్కితే నొక్కుకుని, వదలగానే మళ్లీ యథాస్థానానికి వచ్చేస్తాయి. స్థితి చెప్పడానికి పక్కన చిన్న ఎల్‌ఈడీ చుక్క ఒకటి పెడతారు. ఆ చుక్క వెలుగుతుంటే లైటు వెలుగుతున్నట్టు.

మరి ఆ చుక్కకి ఎలా తెలుసు? ఈ రోజు మన విషయం అదే. వైఫై రాకముందే, విడిగా తీగలు వేయకుండా, ఇంట్లో ఉన్న కరెంటు తీగ మీదే ఒకదానితో ఒకటి మాట్లాడుకునే స్విచ్చిలు వచ్చాయి. ఈ చిక్కును చాలా ముందే ఎదుర్కొన్నవీ అవే. కాబట్టి వాటి కథతోనే మొదలుపెడదాం.

స్కాట్లాండ్‌లో గ్లెన్‌రోథెస్ అనే ఊరు. అక్కడ పికో ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ క్యాలిక్యులేటర్లకు చిప్పులు తయారు చేసేది. తర్వాత ఒక రికార్డ్ ప్లేయరుకి దూరం నుంచి నడిపే ఏర్పాటు చేసింది. అది వాళ్ల తొమ్మిదో ప్రాజెక్టు. ప్లేయరుని దూరం నుంచి నడపగలిగినప్పుడు దీపాల్ని ఎందుకు నడపలేం అన్న ఆలోచన వచ్చి 1975లో పదో ప్రాజెక్టు మొదలుపెట్టారు. దాని పేరే ఎక్స్-10. 1978లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. రేడియో షాక్, సియర్స్ దుకాణాల్లో అమ్మారు. గోడలు పగలగొట్టనక్కర్లేదు, కొత్త వైరింగు అక్కర్లేదు. ఒక పెట్టెను ఈ గదిలో ప్లగ్గులో పెట్టి, ఇంకో పెట్టెను పక్క గదిలో దీపానికి తగిలిస్తే సరి.

అది పనిచేసే తీరు తెలివైనది. మన ఇంటికి వచ్చే కరెంటు అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది. మన దేశంలో సెకనుకి 50 సార్లు, అమెరికాలో 60 సార్లు. ఊగిన ప్రతిసారీ వోల్టేజి రెండుసార్లు సున్నాను దాటుతుంది. అంటే అమెరికాలో సెకనుకి 120 సార్లు. ఆ సున్నా క్షణంలో ఎక్స్-10 పెట్టె తీగ మీదికి 120 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌ని ఒక మిల్లీ సెకను పాటు వదులుతుంది. ఆకాశవాణి హైదరాబాద్ ఎ కేంద్రం మీడియం వేవ్‌లో వినిపించేది 738 కిలోహెర్ట్జ్ మీద. ఎక్స్-10 సిగ్నల్ దానికి చాలా కింద ఉంటుంది, గాలిలో కాకుండా తీగలోనే నడుస్తుంది.

సున్నా దగ్గరే ఎందుకు? రెండు కారణాలు. కరెంటు తీగలో ఇతర పరికరాలు పుట్టించే గోల ఆ క్షణంలో కాస్త తక్కువగా ఉంటుంది. అంతకంటే ముఖ్యం, ఇంట్లో ప్రతి పెట్టెకీ ఆ సున్నా ఒకేసారి కనబడుతుంది. గడియారాలు కలుపుకోనక్కర్లేదు, కరెంటే అందరికీ తాళం వేస్తోంది. సున్నా దగ్గర సిగ్నల్ ఉండి తర్వాతి సున్నా దగ్గర లేకపోతే ఒకటి అని అర్థం. ముందు లేకుండా తర్వాత ఉంటే సున్నా. అంటే ఒక్క అక్షరానికి, అదే ఒక బిట్‌కి, కరెంటు పూర్తిగా ఒక ఊపు ఊగాలి. సెకనుకి 60 అక్షరాలు.

మాట కూడా పొదుపుగానే ఉంటుంది. ఇంటి గుర్తు ఒకటి, ఎ నుంచి పి వరకు 16. దీపం నంబరు ఒకటి, 1 నుంచి 16. మొత్తం 256 చిరునామాలు. తర్వాత ఆజ్ఞ: వెలుగు, ఆరు, తగ్గు, పెరుగు. గోలలో పోకుండా ప్రతి ముక్కనీ రెండుసార్లు చెబుతారు. మొదలు నుంచి చివరి దాకా ఒక పూర్తి ఆజ్ఞకి కరెంటు 47 సార్లు ఊగాలి. అమెరికాలో ముప్పావు సెకను కంటే కాస్త ఎక్కువ. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అయితే దాదాపు ఒక సెకను.

ఇంతవరకు బాగానే ఉంది. కానీ తొలినాటి ఎక్స్-10 దీపాల పెట్టెలకు వినడమే తెలుసు, పలకడం రాదు. నేను ఇప్పుడు రేడియోలో మీతో మాట్లాడుతున్నాను. మీరు వింటున్నారో, మధ్యలో కరెంటు పోయిందో, విసుగొచ్చి స్టేషన్ మార్చేశారో ఇక్కడ స్టూడియోలో నాకు తెలిసే వీలు లేదు. ఆజ్ఞలు పంపే ఎక్స్-10 పెట్టె, అంటే కంట్రోలరు, పరిస్థితీ అంతే. ‘ఎ-5, వెలుగు’ అని తీగ మీదికి వదులుతుంది. ఐదో దీపం వెలిగిందో లేదో దానికి కబురు రాదు. అయినా, స్థితి చూపించే రకమైతే, తన పుస్తకంలో ఐదో దీపం వెలుగుతోందని రాసుకుంటుంది. ప్యానెల్ మీద చుక్క వెలిగిస్తుంది. ఆ చుక్క చెబుతున్నది దీపం సంగతి కాదు, తను ఆఖరుసారి ఇచ్చిన ఆజ్ఞ సంగతి.

దీపం దగ్గరున్న మనిషి చేత్తో ఆపేశాడనుకోండి, కంట్రోలరుకి తెలియదు. కాంతి తగ్గించే ఆజ్ఞల దగ్గర ఇంకో ఇబ్బంది. ‘సగానికి తగ్గు’ అని చెప్పే బదులు, ‘ఒక మెట్టు తగ్గు, ఇంకో మెట్టు తగ్గు’ అని చెప్పేవాళ్లు. పది మెట్లు చెబితే అందులో రెండు గోలలో పోయాయనుకోండి, కంట్రోలరు లెక్క పది, దీపం లెక్క ఎనిమిది. ఆ తేడా అలాగే ఉండిపోవచ్చు, రోజురోజుకీ పెరగనూ వచ్చు.

దీపం విషయంలో ఇది చిన్న చిరాకే. అన్ని చోట్లా చిరాకుతో పోదు. ఎక్స్-10 అమెరికా దుకాణాలకు వచ్చిన మరుసటి ఏడు, 1979 మార్చి 28న, తెల్లవారుజామున 4 గంటల వేళ పెన్సిల్వేనియాలోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రం రెండో యూనిట్లో ప్రమాదం జరిగింది. ఒత్తిడి పెరిగితే తెరుచుకుని, తగ్గగానే మూసుకోవలసిన వాల్వు ఒకటి తెరుచుకుంది కానీ మూసుకోలేదు. కంట్రోల్ రూములో ఆ వాల్వు కోసం ఒక ఇండికేటర్ దీపం ఉంది. అది వాల్వును చూసి వెలిగేది కాదు. వాల్వును తెరిచే విద్యుదయస్కాంతానికి కరెంటు వెళుతుంటే వెలుగుతుంది, కరెంటు ఆగితే ఆరిపోతుంది. ఆ రోజు కరెంటు ఆగింది, దీపం ఆరింది. వాల్వు మూసుకుందనుకున్నారు ఆపరేటర్లు. రియాక్టరును చల్లబరచాల్సిన నీళ్లు రెండు గంటలకు పైగా ఆ దారిన పోతూనే ఉన్నాయి. లోపలి ఇంధనం కొంత భాగం కరిగిపోయింది. ఆ ప్రమాదానికి ఇతర కారణాలూ ఉన్నాయి. కానీ మూసుకోమని చెప్పడాన్నీ, మూసుకోవడాన్నీ ఒకటిగా చూపించిన ఆ దీపం ముఖ్యమైన వాటిలో ఒకటి.

మళ్లీ ఇంట్లోకి వద్దాం. ఎక్స్-10 రూపొందించినవాళ్లకి ఈ లోటు తెలియక కాదు. వాళ్ల భాషలో మొత్తం 16 ఆజ్ఞలుంటే, వాటిలో మూడు స్థితికి సంబంధించినవే. ‘నీ స్థితి ఏమిటి?’ అన్న ప్రశ్న ఒకటి. ‘వెలుగుతున్నాను’, ‘ఆరి ఉన్నాను’ అన్న జవాబులు రెండు. మాటలున్నాయి, పలికే నోరే లేదు. జవాబు చెప్పాలంటే దీపం పెట్టెలో సిగ్నల్ పంపే భాగాలు కూడా పెట్టాలి. ఖర్చు పెరుగుతుంది. అందుకని చాలా పెట్టెలు వినేవిగానే అమ్ముడుపోయాయి. పలికేవి తర్వాత విడిగా వచ్చాయి.

సరే, పలికే పెట్టెలే కొన్నామనుకుందాం. స్థితి తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. మనం అడగడం ఒకటి. అదే వచ్చి చెప్పడం రెండోది.

అడిగే పద్ధతి లెక్క చూడండి. ప్రశ్నకి 47 ఊపులు. జవాబుకి ఇంకో 22, మధ్యలో కాస్త విరామం. అమెరికాలో ఒక్కో దీపానికి దాదాపు సెకనుంపావు. ఇంట్లో 40 స్విచ్చిలుంటే అన్నింటినీ ఒక చుట్టు అడిగి వచ్చేసరికి ముప్పావు నిమిషం దాటిపోతుంది. అంతసేపూ తీగ ఈ ప్రశ్నలతోనే నిండి ఉంటుంది. ఆ మధ్యలో మీరు స్విచ్చి నొక్కితే మీ ఆజ్ఞ వీటితో ఢీకొంటుంది. పోనీ గంటకోసారి అడుగుదామంటే, ఆ గంటలో ఏం జరిగిందో తెలియదు.

అదే వచ్చి చెప్పే పద్ధతి మేలు. చేత్తో స్విచ్చి నొక్కగానే అది తీగ మీద ‘ఎ-5, వెలుగు’ అని చాటుతుంది. కంట్రోలరు విని రాసుకుంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఎక్స్-10 మాటలో ఎవరికి చెబుతున్నారో ఉంటుంది గానీ ఎవరు చెబుతున్నారో ఉండదు. ‘ఎ-5, వెలుగు’ అని వినబడితే, అది ఎవరో ఐదో దీపానికి ఇచ్చిన ఆజ్ఞా, లేక ఐదో దీపమే తన సంగతి చెప్పుకుంటోందా? మాటను బట్టి తేల్చలేం. అదే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న పక్కింటివాళ్లు కూడా ఎ గుర్తే పెట్టుకుంటే, వాళ్ల మాట కూడా మీ తీగ మీదికి రావచ్చు.

తీగ గుణం ఇంకోటి. అమెరికా ఇంటికి ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 120 వోల్టుల తీగలు రెండు వస్తాయి. సగం గదులు ఒకదాని మీద, సగం రెండోదాని మీద. పెద్ద కరెంటు పొయ్యి, బట్టలు ఆరబెట్టే యంత్రం లాంటివి రెండింటినీ కలిపి 240 వోల్టుల మీద నడుస్తాయి. ఒక తీగ మీది సిగ్నల్ రెండో తీగ మీదికి వెళ్లాలంటే వీధిలోని ట్రాన్స్‌ఫార్మర్ దాకా వెళ్లి తిరిగి రావాలి. వచ్చేసరికి నీరసించిపోతుంది. అందుకే కొన్ని ఇళ్లలో ఒక విచిత్రం కనబడేది: మిగతా వేళల్లో మాట వినని దీపం, పొయ్యి వెలిగించినప్పుడు మాత్రం వినేది. పొయ్యిలోని హీటరు చుట్ట రెండు తీగలకూ వంతెన అవుతుంది. ఆ సంగతి తెలిసిన ఎలక్ట్రీషియన్లు రెండు తీగల మధ్య ఆ పని చేసే చిన్న పరికరం బిగించేవాళ్లు.

దీన్నుంచి స్థితి సమాచారానికి సంబంధించిన అసలు చిక్కు బయటపడుతుంది. సిగ్నల్ ఇలా నీరసించినప్పుడు, గోల వినేవాడి దగ్గర ఎంత ఉందన్నదే లెక్క. దీపం దగ్గర తీగ ప్రశాంతంగా ఉంది, ఆజ్ఞ చక్కగా వినబడింది, దీపం వెలిగింది. ‘అందింది’ అని జవాబు పంపింది. కానీ కంట్రోలరు పక్కన కంప్యూటరు ఒకటి ఉంది, దాని పవర్ సప్లయి గోలలో జవాబు మునిగిపోయింది. కంట్రోలరు ఏమనుకోవాలి? ఆజ్ఞ పోయిందనా, జవాబు పోయిందనా? రెండింటికీ దానికి కనబడేది ఒకటే, నిశ్శబ్దం.

అప్పుడు మళ్లీ చెప్పడం ఒక్కటే మార్గం. ఇక్కడ ఆజ్ఞను ఎలా రాశారన్నది ప్రాణప్రదం. ‘వెలుగు’ అని రెండోసారి చెబితే నష్టం లేదు, వెలుగుతున్న దీపం వెలుగుతూనే ఉంటుంది. కానీ కొన్ని రిమోట్లలో ఒకే బటన్ ఉంటుంది, ఒకసారి నొక్కితే వెలుగుతుంది, మళ్లీ నొక్కితే ఆరుతుంది. అలాంటి ‘మార్చు’ ఆజ్ఞను రెండోసారి పంపితే వెలిగిన దీపం ఆరిపోతుంది. అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు ‘మార్చు’ కంటే ‘వెలుగు’, ‘ఆరు’ అన్న ఆజ్ఞల్నే ఇష్టపడతారు. ‘ఇంకొంచెం తగ్గు’ కంటే ‘40 శాతానికి రా’ అనడం మేలు. ఎన్నిసార్లు చెప్పినా ఫలితం ఒకటే అయ్యే ఆజ్ఞలైతే, జవాబు తప్పిపోయినా ఇల్లు తలకిందులు కాదు.

ఎక్స్-10 తర్వాత వచ్చినవాళ్లు ఈ పాఠాలన్నీ చూసి మొదలుపెట్టారు. కాలిఫోర్నియా కంపెనీ ఒకటి 1999లో యూపీబీ అనే పద్ధతి తెచ్చింది. ఇందులో సన్నని సిగ్నల్ బదులు, కెపాసిటర్‌లో దాచిన శక్తిని తటాలున తీగ మీదికి వదిలి గట్టి పల్స్ పుట్టిస్తారు. ప్రతి అర ఊపులో ఆ పల్స్ రావడానికి నాలుగు స్థానాలుంటాయి. ఏ స్థానంలో వచ్చిందన్నదే సమాచారం. దాంతో వేగం సెకనుకి 240 బిట్లకు పెరిగింది, దూరమూ పెరిగింది. అందిందని జవాబివ్వడం, అడిగితే స్థితి చెప్పడం ఇందులో మొదటి నుంచీ ఉన్నాయి.

2005లో అదే కాలిఫోర్నియా నుంచి ఇన్‌స్టియాన్ వచ్చింది. ఇది తీగ మీద 131.65 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌తోనూ, గాలిలో రేడియోతోనూ రెండు దారుల్లో మాట్లాడుతుంది. తీగ మీద ఒక్కో సున్నా దగ్గర 24 బిట్లు పంపుతుంది. ఎక్స్-10 సెకనుకి 60 బిట్లు పంపే తీగ మీదే ఇది 2,880 పంపింది. ఒక మామూలు మాట 10 బైట్లు. అందులో మూడు బైట్లు పంపినవాడి చిరునామా, మూడు అందుకునేవాడి చిరునామా. కోటీ 67 లక్షలకు పైగా చిరునామాలు కుదురుతాయి కాబట్టి పక్కింటితో గొడవ లేదు, ‘ఎవరు చెప్పారు?’ అన్న అనుమానమూ లేదు. మాట విన్న ప్రతి స్విచ్చీ దాన్ని మళ్లీ పలుకుతుంది, సున్నాతో తాళం కలిసి ఉంటుంది కాబట్టి అన్నీ ఒకేసారి పలుకుతాయి, సిగ్నల్ బలపడుతుంది. ఒక స్విచ్చికి ఆజ్ఞ ఇస్తే అది అందిందని జవాబిస్తుంది. రాకపోతే పంపినది మళ్లీ పంపుతుంది.

ఒకే బటన్‌తో ఎనిమిది దీపాలు వెలగాల్సి వస్తే? ఎనిమిదీ ఒకేసారి జవాబిస్తే తీగ మీద ఢీకొంటాయి. అందుకని ముందు అన్నింటికీ కలిపి ఒకేసారి చెబుతుంది, దీపాలు ఒక్క క్షణంలో వెలుగుతాయి, ఎవరూ జవాబివ్వనక్కర్లేదు. ఆ తర్వాత తీరిగ్గా ఒక్కో స్విచ్చితో విడిగా మాట్లాడి అందిందని రూఢి చేసుకుంటుంది. మనిషి కంటికి వేగం కావాలి, లెక్కకి నిక్కచ్చితనం కావాలి. రెండింటినీ విడదీసి, రెండు విడతల్లో చేస్తుందన్నమాట.

‘నీ స్థితి ఏమిటి?’ అని ఇన్‌స్టియాన్ స్విచ్చిని అడిగితే వచ్చే జవాబు చూడదగినది. రెండు అంకెలు వస్తాయి. ఒకటి కాంతి ఎంత ఉందో: 0 అంటే ఆరి ఉంది, 255 అంటే పూర్తిగా వెలుగుతోంది. రెండోది, ఆ స్విచ్చి తనకి ఎవరెవరితో సంబంధం ఉందో రాసుకునే పట్టికకి గుర్తు. పట్టిక మారిన ప్రతిసారీ ఆ అంకె మారుతుంది. కంట్రోలరు దగ్గరున్న పాత అంకెతో అది కలవకపోతే, తన దగ్గరున్న పట్టిక పాతబడిందని కంట్రోలరు తెలుసుకుంటుంది. నేను ఎలా ఉన్నానో చెప్పడంతో ఆగకుండా, నా గురించి నీకు తెలిసింది ఇంకా చెల్లుతుందా అన్నది కూడా ఆ జవాబులో ఉంది.

అయినా ఒక హద్దు మిగిలిపోతుంది. 255 అని చెప్పింది స్విచ్చి. బల్బు మాడిపోయి ఉంటే? స్విచ్చి చెప్పింది అబద్ధం కాదు, తన వైపు తలుపు తెరిచే ఉంది, కరెంటు మాత్రం పారడం లేదు. గది చీకటిగానే ఉంటుంది. ఆజ్ఞ ఇవ్వడం ఒక స్థాయి. స్విచ్చి కదలడం ఇంకో స్థాయి. గదిలో వెలుగు రావడం మూడో స్థాయి. స్విచ్చి మొదటి రెండింటికే సాక్ష్యం చెప్పగలదు. మూడోది తెలియాలంటే తీగలో కరెంటు పారుతోందా అని కొలవాలి.

కొలవడానికి పోతే ఇంకో తంటా. ఎక్స్-10లో కొన్ని పెట్టెలు, దీపం సొంత స్విచ్చిని ఎవరైనా నొక్కారా అని తెలుసుకోవడానికి ఆరిపోయి ఉన్నప్పుడు కూడా బల్బు గుండా అతి కొద్ది కరెంటు పంపి చూసేవి. పాతకాలం ఫిలమెంటు బల్బుకి అది లెక్కే కాదు. ఎల్‌ఈడీ బల్బులు వచ్చాక ఆ కొద్దిపాటి కరెంటుకే అవి మినుకు మినుకుమనడం మొదలుపెట్టాయి. కొన్నిచోట్ల ఆపిన దీపం దానంతటదే వెలిగిపోయేది. ఆ మినుకును చూసి, ఎవరో స్విచ్చి నొక్కారని పెట్టె పొరబడటమే కారణం. అమెరికా పాత ఇళ్లలో స్విచ్చి పెట్టెలోకి న్యూట్రల్ తీగ రాకపోవడం వల్ల కూడా ఈ బాధ ఉండేది. తను బతకడానికి కావలసిన కరెంటును స్విచ్చి బల్బు గుండానే తీసుకోవాలి మరి. 2011 నాటి అక్కడి విద్యుత్ నిబంధనల్లో స్విచ్చి పెట్టెకి న్యూట్రల్ కూడా తేవాలని చేర్చారు. మన బోర్డుల్లో స్విచ్చిల పక్కనే సాకెట్ కూడా ఉండటం మామూలు కాబట్టి, న్యూట్రల్ చాలావరకు అందుబాటులోనే ఉంటుంది.

మన తెలుగు రాష్ట్రాల్లో కరెంటు తీగ మీద మాట్లాడే స్విచ్చిలు పెద్దగా రాలేదు. ఇప్పుడు మనవాళ్లు బిగించుకుంటున్నవి ఎక్కువగా వైఫై పెట్టెలు. పాత బోర్డు అలాగే ఉంచి, దాని వెనక చిన్న పెట్టె పెడతారు. పాత స్విచ్చి పనిచేస్తుంది, ఫోనూ పనిచేస్తుంది. దారి మారింది గానీ, చిక్కు మాత్రం అదే. స్విచ్చి కిందికి నొక్కి లైటు వేశారు. పడుకున్నాక ఫోన్లో ఆపారు. ఇప్పుడు స్విచ్చి కిందికే ఉంది, లైటు ఆరి ఉంది. పొద్దున్నే ఇంట్లో పెద్దవాళ్లు స్విచ్చి చూసి ‘వేసే ఉంది కదా, కరెంటు లేదు కాబోలు’ అనుకుంటారు. చాలా పెట్టెల్లో దీనికి రెండు అమరికలుంటాయి. స్విచ్చి ఎటు ఉంటే లైటు అటు ఉండాలి అన్నది ఒకటి. స్విచ్చి ఎటు కదిలినా లైటు మారాలి అన్నది రెండోది. ఏది పెట్టారో బిగించినతనికి తప్ప ఇంట్లోవాళ్లకి తెలియకపోతే గొడవే.

కరెంటు పోయి వచ్చినప్పుడు సంగతి కూడా చూసుకోవాలి. మామూలు స్విచ్చికి జ్ఞాపకంతో పనిలేదు, కరెంటు రాగానే ఎలా ఉన్నది అలాగే. పెట్టె మాత్రం తను ఎలా ఉండేదో గుర్తుంచుకోవాలి. ఎక్స్-10లో దీపాల పెట్టె కరెంటు పోతే మరిచిపోయి ఆరిన స్థితిలో లేచేది. ఫ్యాన్ల వంటివాటి పెట్టెలో యాంత్రికంగా నిలిచే రిలే ఉండేది కాబట్టి, టక్కుమన్న చోటే ఉండిపోయేది. ఈనాటి పెట్టెల్లో ఇది మనం ఎంచుకోవచ్చు: ఆరి ఉండాలా, వెలిగి ఉండాలా, ముందు ఎలా ఉందో అలా రావాలా. ఎవరూ ఎంచకపోతే, రాత్రి 2 గంటలకి కరెంటు వచ్చి ఇంట్లో దీపాలన్నీ ఒకేసారి వెలిగినా ఆశ్చర్యం లేదు.

స్థితి సమాచారం ఎక్కడ దాచారన్న ప్రశ్న 2022లో గట్టిగా ముందుకొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్లో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు చెప్పాపెట్టకుండా మూతపడ్డాయి. ఫోన్లో యాప్ తెరిస్తే ఏ దీపం సంగతీ తెలియదు. ఇంట్లో స్విచ్చిలు మాత్రం ఒకదానితో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాయి. గోడ మీది బటన్ నొక్కితే దీపాలు వెలిగాయి, చుక్కలూ సరిగ్గానే చూపించాయి. ఆ మాటలు ఇంట్లోనే నడుస్తున్నాయి కాబట్టి వాటికి దూరాన ఉన్న సర్వర్లతో పనిలేదు. అదే ఏడాది జూన్‌లో ఆ స్విచ్చిల్ని వాడుతున్నవాళ్లే కొందరు కలిసి ఆ సంస్థను కొనుక్కుని మళ్లీ నడిపించారు.

ఇంట్లో పరికరాలన్నింటినీ ఒకచోట కలిపే హోమ్ అసిస్టెంట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అందులో నాకు బాగా నచ్చిన ఏర్పాటు చెబుతాను. జవాబు చెప్పగల దీపానికి తెరమీద ఒకే స్విచ్చి బొమ్మ చూపిస్తుంది, అది వేసి గానీ ఆపి గానీ ఉంటుంది. జవాబు చెప్పలేని దీపానికి మాత్రం రెండు విడి బటన్లు చూపిస్తుంది: ఒకటి వేయడానికి, ఒకటి ఆపడానికి. దీపం వెలుగుతోందని నొక్కి చెప్పదు. తనకి ఖాయంగా తెలియని దాన్ని తెలిసినట్టు చూపించదు. పాతకాలం ప్యానెల్ మీది చుక్కకి రాని బుద్ధి ఇది.

కాబట్టి ఇంటికి ఇలాంటి స్విచ్చిలు పెట్టించుకునేవాళ్లు దుకాణంలో ఫోన్‌తో లైటు వెలిగించి చూపించగానే తృప్తి పడొద్దు. వెలిగించడం ఎవరైనా చూపిస్తారు. అక్కడే గోడ మీది స్విచ్చిని చేత్తో నొక్కండి, ఫోన్ తెర మారిందా, ఎంతసేపటికి మారిందో చూడండి. ఇంటర్నెట్ ఆపి మళ్లీ నొక్కి చూపించమనండి. మెయిన్ ఆపి, వేసి, ఏది ఎలా లేస్తుందో చూడండి. చివరగా ఆ పెట్టెకి కరెంటు తీసేసి, ఫోన్లో ఏం కనబడుతోందో చూడండి. ‘అందుబాటులో లేదు’ అని వస్తే అది నమ్మదగిన సరుకు. అప్పటికీ ‘వెలుగుతోంది’ అనే చూపిస్తుంటే, అది దీపాన్ని చూసి చెబుతున్న మాట కాదు, తను ఆఖరుసారి చెప్పిన మాటనే అప్పజెబుతోంది. ఊరెళ్లి అక్కణ్ణుంచి ఇంట్లో గీజరు ఆపామా అని ఫోన్లో చూసుకునే రోజు ఒకటి వస్తుంది. చూసి చెప్పే మాటకీ, అప్పజెప్పే మాటకీ ఉన్న తేడా ఎంతో ఆ రోజు తెలుస్తుంది. అది దుకాణంలోనే తేల్చుకోవడం మంచిది.